రాహుకాలంలో రోడ్డు ఖాళీ

తిరుపతి బైరాగిపట్టెడలో గిరిప్రసాద్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. రూటు గిరి ఇల్లెక్కడని అడిగితే మాత్రం చెయ్యి పట్టుకుని వాకిట్లో దిగబెట్టి వస్తారు. మదరాసు పోవాలన్నా, మదనపల్లె పోవాలన్నా, ఏ వేళప్పుడు బయల్దేరితే దారి ఖాళీగా ఉంటుందో చెప్పడంలో ఆయనకు ఆయనే సాటి. ఊరందరికీ వేళలు చెప్పే ఆ మహానుభావుడు తను మాత్రం ఏ శుభకార్యానికీ వేళకు చేరిన పాపాన పోలేదు. సొంత బామ్మర్ది పెళ్లి ఆల్బంలో ఆయనది ఒకే ఒక్క ఫొటో ఉంది, అందులో చెయ్యి కడుక్కుంటున్నాడు.

అలాంటి మనిషి నెత్తిన జూన్ నెలలో ఓ పెద్ద బాధ్యత వచ్చి పడింది. ఆయన భార్య పంకజాక్షికి నిర్మల అని చెల్లెలుంది, కాపురం ఐరాలలో. నిర్మల కూతురు మహితకు సంబంధం కుదిరింది. మహిత నాయన ఉండేది కువైట్‌లో. ఉన్న సెలవంతా పెళ్లికి దాచుకున్నాడు కాబట్టి నిశ్చితార్థానికి రాలేడు. మహిత నేరుగా గిరిప్రసాద్‌కే ఫోన్ చేసింది.

"పెద్దనాయనా, మా నాయన తావులో నువ్వే కూర్చోని తాంబూలాలు మార్సుకోవల్ల. ఇంగెవురు కూర్చున్నా నేనొప్పుకోను."

రెండో మాట లేకుండా ఒప్పుకున్నాడు గిరిప్రసాద్. ఇద్దరూ మగపిల్లలున్న ఇల్లు ఆయనది. ఆడపిల్ల ముచ్చట ఏదైనా తీరిందంటే అది మహిత వల్లే. ఆ పిల్లను భుజాన ఎక్కించుకుని కాణిపాకం తిరునాళ్లంతా తిప్పినవాడు. ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంటుంటే పంకజాక్షి వచ్చింది.

"నిర్మల సెప్పింది. సోమవారం పదకొండింటికంట ముహూర్తం. ఈసారన్నా చెయ్యి కడుక్కునే యాలకి కాకుండా తాంబూలం యాలకి పోదామయ్యా."

"ఈసారి సూడు," అన్నాడు గిరిప్రసాద్. ప్రతిసారీ అనే మాటే అది. కానీ ఈసారి గుండెల మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాడు.

ఆ వారమంతా ఆయనకు నిద్రాహారాలు లేవు. పాకాల కూడలిలో టీ అంగడి పెట్టుకున్న సునీల్‌కుమార్‌కు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోన్లు. "ఇప్పుడు బండ్లు ఎట్లుండాయబ్బా?" అని ఈయన, "ఇప్పుడే గదన్నా అడిగినావు" అని అతను. ఆదివారం సాయంత్రానికి ఆయన వెలిగిపోతున్న ముఖంతో వంటింటి గడపలో నిలబడ్డాడు.

"పంకజం, దొరికింది."

"ఏంది, పోయిన వానకు పారేసుకున్న గొడుగా?"

"దారే. బాగా విను. తెల్లారుజామున బయల్దేరితే కొండ దిగిన యాత్రికుల బండ్లన్నీ మన ముందరే కాణిపాకం పోతాయి. ఇంకొంచెం పొద్దెక్కితే కాలేజీ బస్సులు. తొమ్మిది దాటితే మామిడికాయల ట్రాక్టర్లు. మరి ఎవురూ రోడ్డు మీద ఉండని టైమేది?"

"నువ్వు గురక పెట్టే టైము."

"రాహుకాలం," అన్నాడు గిరిప్రసాద్ గొంతు తగ్గించి, పక్కింటివాళ్లు విని వాడేసుకుంటారేమోనన్నట్టు. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. మన చిత్తూరు సీమలో రాహుకాలంలో బండి తీసే మొగోడు యాడుండాడు? అందరూ గడప లోపలే గమ్మున కూర్చోనుంటారు. రోడ్డంతా మనదే."

పంకజాక్షి చేతిలోని చేట కింద పెట్టింది. "ఆడబిడ్డ తాంబూలాలకు రాహుకాలంలో గడప దాటమంటావా? మతి ఉండే మాట్లాడతాండావా?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకు తెలుసు. జవాబు ముందే వండి పెట్టుకున్నాడు.

"ప్రస్థానం పెడదాం. మా అవ్వ పెట్టేది. మంచి యాలలో ఒక సంచి తీసకపోయి పక్కింట్లో పెట్టేస్తే, ఆ నిమిషానికే మన ప్రయాణం మొదలైనట్లు. ఆనాక మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. శాస్త్రానికి శాస్త్రం, రోడ్డుకు రోడ్డు."

పంకజాక్షి చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయితే ముఖ్యమైన సామానే పెట్టల్ల. పాత తువ్వాల పెడితే తువ్వాలే బయల్దేరినట్లు, మనం కాదు. నీ పట్టుపంచె, కండువా, మా అమ్మ వెండి తట్ట పెట్టు. చంద్రకాంతమ్మక్క ఇంట్లో అయితే భద్రంగా ఉంటాయి."

పెళ్లాం ఇంత సులువుగా ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. గిరిప్రసాద్‌కు ఆకలి వచ్చింది. రెండు ముద్దలు ఎక్కువే తిని పడుకున్నాడు.

సోమవారం సూర్యుడు రాకముందే స్నానం చేసి, సంచి నెత్తిన పెట్టుకున్నంత భక్తిగా మోసుకెళ్లి పక్కింటి చంద్రకాంతమ్మ చేతికిచ్చాడు. ఆమె పూజలూ వ్రతాలూ ఎరిగిన పెద్దావిడ. ప్రస్థానం అనగానే కళ్లకద్దుకుని దేవుడి గదిలో పెట్టింది. మళ్లీ వచ్చి తీసుకుంటానని చెప్పాడు కానీ ఎప్పుడని చెప్పలేదు. రహస్యం బయటపడితే రోడ్డు నిండిపోతుందని భయం.

ఏడున్నర దాటింది. పంచె నలిగిపోకుండా అక్కడ కట్టుకోవచ్చని లుంగీ, టీషర్టు మీదే కారు తీసి వాకిట్లో పెట్టాడు. ఉత్సాహంగా ఈల వేసుకుంటూ పక్కింటికి పోయాడు. తలుపుకు కొబ్బరికాయంత తాళం వేలాడుతోంది.

ఫోన్ చేస్తే లోపల దేవుడి గదిలోంచి మోగింది.

"ఆయమ్మ తిరుచానూరు పొయినాది," అంది ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న చౌడేశ్వరి. "అమ్మవారిని సూసుకోని తొమ్మిదికి వస్తానన్నాది."

గిరిప్రసాద్ తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు. తిరుచానూరు ఊరికి ఆ చివర, వాళ్లు పోవలసింది ఈ చివర. వెండి తట్ట లేకుండా పోదామా అంటే, నిర్మల తాంబూలాలూ పంకజాక్షి తాంబూలాలూ అందులోనే మార్చుకున్నారు, అది లేకపోతే అత్తగారు ఊరుకోదు. పంచె లేకుండా పోదామా అంటే, లుంగీతో తాంబూలం అందుకున్న పెద్దమనిషిని వియ్యాలవారు జన్మలో మర్చిపోరు.

"పోయి తాళంచెవి తీసకరా," అంది పంకజాక్షి అరుగు మీద చల్లగా కూర్చుంటూ. "నేను రాను. నేను ప్రస్థానం పెట్టుకున్నది ఐరాలకు, తిరుచానూరుకు కాదు."

రోడ్డు ఎలా ఉందనుకున్నారు? అద్దంలా ఉంది. ఆయన లెక్క అక్షరాలా నిజం. అడ్డమొచ్చిన మనిషి లేడు, హారన్ కొట్టే పని లేదు. ఇంత గొప్ప ఖాళీ రోడ్డు మీద తను వెళ్లవలసిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కులో దూసుకుపోతుంటే ఆయనకు ఏడుపొచ్చింది. అంతలో సునీల్‌కుమార్ ఫోన్.

"అన్నా, నువ్వు మామూలు మనిషివి కాదన్నా. పాకాల కూడలి నడిమధ్యలో కుక్క పండుకోని నిద్రపోతాండాది. ఒక్క బండి లేదు. నువ్వు యాడున్నావు?"

"తిరుచానూర్లో."

"ఆడికెందుకు పొయినావన్నా?" అన్నాడు సునీల్‌కుమార్. గిరిప్రసాద్ ఫోన్ పెట్టేశాడు.

చంద్రకాంతమ్మ గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ కనిపించింది. "తాళంచెవి ఇయ్యమ్మా, బయల్దేరాల" అని ఆయన రొప్పుతూ అడిగాడు.

"రాహుకాలంలో ఎవురన్నా బయల్దేరతారా నాయనా? నువ్వు తొమ్మిది దాటినాకే వస్తావని గదా నేనిట్ల వచ్చింది. ప్రదక్షిణ మధ్యలో ఆపకూడదు. నువ్వూ తిరుగు, పుణ్యమొస్తాది."

లుంగీ మడిచి కట్టిన గిరిప్రసాద్ ఆమె వెనకాలే తిరిగాడు. మొక్కు పూర్తయ్యేదాకా తిరిగాడు. ఆవిడను కారెక్కించుకుని, ఇల్లు చేరి, సంచి తీసుకుని పంకజాక్షిని కూర్చోబెట్టుకునే సరికి రాహుకాలం ముగిసింది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. రాహుకాలం ఎప్పుడు పోతుందా అని గడపల వెనక కాచుకుని ఉన్న తిరుపతి అంతా ఒక్కసారిగా రోడ్డెక్కింది. కార్లు, ఆటోలు, పెళ్లిబస్సులు, కొత్తగా పూజ చేయించిన బండ్లు. చంద్రగిరి దాటేసరికే గిరిప్రసాద్ టీషర్టు పిండితే బిందె నిండేలా ఉంది.

"రోడ్డంతా మనదే అన్నావే," అంది పంకజాక్షి.

"గమ్మునుండు పంకజం. నాకింగో దారి తెలుసు."

"తెలవక పోయినా బాగుండు."

పాకాలలో సునీల్‌కుమార్ రోడ్డు మీదికే వచ్చి టీ అందించాడు. పెద్దరోడ్డు మీద ముందర మామిడి రసం ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయన్నాడు. గిరిప్రసాద్ ముఖంలో మళ్లీ వెలుగొచ్చింది. అది తన లెక్కలో ఉన్నదే. దామలచెరువు మీదుగా పల్లెదారుల్లో పడితే ఫ్యాక్టరీ ఊసే ఉండదని స్టీరింగు తిప్పాడు.

రెండు మలుపులు తిరిగేసరికి ముందు ట్రాక్టరు, వెనక ట్రాక్టరు, పక్క సందులోంచి ముక్కు పెడుతూ ఇంకో ట్రాక్టరు. అన్నింటి నిండా మామిడికాయలే. కారు దిగి ముందున్న డ్రైవరు దగ్గరికి పోయాడు. పేరు చిన్నబ్బ అంట. ఆ మనిషి దిగితే ట్రాక్టరు రెండంగుళాలు పైకి లేచింది.

"ఏమప్పా, ట్రాక్టర్లన్నీ ఫ్యాక్టరీ కాడ గదా ఉండాల్సింది?"

"ఫ్యాక్టరీలో కాయలు కాస్తాయా సామీ? తోటలన్నీ ఈడ గదా ఉండేది. ఈడ నిండితేనే ఆడికి పోయేది."

"అయితే పొద్దున్నించీ ఇట్లనే ఉండాదా?"

"లేదు సామీ. రాహుకాలంలో మండీలో కాటా పెట్టరు. తొమ్మిదిదాకా ఈ దారిలో పిట్ట లేదు."

గిరిప్రసాద్ వచ్చి సీట్లో కూర్చున్నాడు. పంకజాక్షి అప్పటికే చిన్నబ్బ ఇచ్చిన పచ్చికాయను కోసి, ఉప్పూ కారం అద్దుకుని తింటోంది. ఫోన్‌లో పదకొండు దాటింది. ఆయన స్టీరింగు మీద తల ఆనించాడు.

"అయిపొయింది పంకజం. ఆ బిడ్డ పుట్టి బుద్ధెరిగినాక నన్ను అడిగింది ఈ ఒక్కటే. నాయన తావులో కూర్చోమనింది. నేనీడ మామిడికాయల మధ్యన కూర్చోనుండాను. ఇంగ ఎవురో ఒకరు కూర్చోనుంటారు. ఆ బిడ్డ మొగం ఎట్ల సూసేది?"

 పంకజాక్షి నమలడం ఆపింది. ఏదో చెప్పబోయి మానేసి, ఒక బద్ద తీసి ఆయన చేతిలో పెట్టి, "ముందర సందు దొరికింది, పోనీ" అంది.

ఆ తర్వాత కారు ఎలా పోయిందో కారుకే తెలియాలి. ఐరాల చేరి, చింతతోపు చాటున పట్టుపంచె చుట్టుకుని, వెండి తట్టను గుండెకు అదుముకుని గిరిప్రసాద్ పందిట్లోకి పరుగెత్తాడు.

పందిట్లో కుర్చీలు ఇంకా ఒకదానిమీద ఒకటి పేర్చే ఉన్నాయి. వంటవాళ్లు వంకాయలు తరుగుతున్నారు. నిర్మల తలకు తువ్వాలు చుట్టుకుని ముగ్గు వేస్తోంది.

"నిర్మలా, వాళ్లు పొయినారా?"

ఆమె తలెత్తి, చేతిలో ముగ్గు అలాగే వదిలేసింది. "వాళ్లింకా రానే లేదు బావా. నువ్వేంది, ఇంత బిన్నా వచ్చినావు?"

ఇంత తొందరగా వచ్చావేమన్న మాట ఆయన జీవితంలో ఎవరూ ఆయనతో అనలేదు. అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మంచం మీద కూర్చున్న మామగారు మునస్వామి కళ్లజోడు సర్దుకున్నాడు.

"పదకొండింటికి గదా ముహూర్తం మామా?"

"ఎవురు సెప్పినారబ్బా నీకు? సోమవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా యమగండం. యమగండంలో ఎవురన్నా తాంబూలాలు మార్సుకుంటారా? పన్నెండు దాటినాకే."

గిరిప్రసాద్ మెల్లగా వెనక్కి తిరిగాడు. పంకజాక్షి కారులోంచి పూలబుట్ట దింపుతోంది.

"రాహుకాలం ఒక్కటే సూసినావు," అంది ఆయన వంక చూడకుండానే. "క్యాలెండర్లో దాని కింద వరస సూసుంటే నా గుట్టు రట్టయిపొయ్యేది. నువ్వు సూడవని నాకు తెలుసు. రాహుకాలంలో కదలనియ్యకుండా చంద్రకాంతమ్మక్కను తిరుచానూరు పంపించింది గూడా నేనే."

"నువ్వా?"

"యాత్రికుల బండ్లు లెక్కేసినావు, కాలేజీ బస్సులు లెక్కేసినావు, ట్రాక్టర్లు లెక్కేసినావు. నిన్ను లెక్కేసుకోలేదు. అది నేనేసినాను."

పందిరంతా నవ్వింది. వంటవాళ్లు కూడా కత్తులు పక్కనపెట్టి నవ్వారు. గిరిప్రసాద్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, కానీ గుండె మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టుంది. అంతలో మహిత లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, "వచ్చినావా పెద్దనాయనా" అని చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల కూడా నవ్వుతోంది. అంటే తనకూ తెలుసన్నమాట.

పన్నెండు దాటాక గిరిప్రసాద్ పీటల మీద కూర్చున్నాడు. ఎదురుగా ఫోన్‌లో కువైట్ నుంచి తోడల్లుడు చూస్తున్నాడు. తట్టలో తమలపాకులు, వక్కలు, పసుపు కొమ్ములు పెట్టి అందించాడు. ఫొటో తీసే కుర్రవాడు ఇటు చూడమంటే, కళ్ల నిండా నీళ్లతో అటే చూశాడు.

భోజనాలయ్యాక, గిరిప్రసాద్ చెయ్యి కడుక్కుని వచ్చేలోపే పెళ్లికి కూడా లగ్నం కుదిరింది, శ్రావణంలో ఒక బుధవారం. పెద్దలు లేచాక మహిత వచ్చి పంకజాక్షి చెవి దగ్గరకు వంగింది.

"పెద్దమ్మా, పెద్దనాయనకు ఎప్పుడని సెప్పేది?"

"మంగళవారమని సెప్పు."

స్తంభానికి అటువైపు తాంబూలం నములుతూ కూర్చున్న గిరిప్రసాద్ రెండు మాటలూ విన్నాడు. కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. స్తంభం చాటునుంచే పిలిచాడు.

"పంకజం."

"ఏంది?"

"మనం సోమవారమే వచ్చేద్దాం."