గేటు కాస్త పైకెత్తి తోయవలెను

ఆ గురువారం పొద్దున చిత్తుబాబు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసు చేరాలి. పదింటికల్లా మంత్రిగారి ప్రకటనలో రెండు వివరాలు సరిచేయాలి. పదకొండింటికి మంత్రిగారు సభలో దాన్ని చదువుతుంటే తను క్యాంటీన్లో కూర్చుని ప్రశాంతంగా ఒక టీ తాగాలి. అంతకు మించి ఆ మనిషి ఎవరినీ ఏమీ కోరలేదు. అయినా జరగలేదు.

పర్యావరణ ప్రణాళికల శాఖ మంత్రిగారు సభలో చదివే ప్రకటనలకు చిత్తుప్రతి రాయడం అతని పని. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. అతన్ని పర్మనెంటు చేసే ఫైలు ఎట్టకేలకు కదిలి, ఎర్రసిరా మేడం బల్ల మీదకు వచ్చి కూర్చుంది. ఆవిడ ఆ విభాగానికి అధికారిణి. ఆవిడ చేతిలోని ఎర్ర కలం తగలని కాగితం ఆ అంతస్తులో లేదు. ఇంతకు ముందు ప్రకటనలు రాసినాయన ఒక్క అంకె తప్పు రాసినందుకు పాత కాగితాల గోదాములో దుమ్ము దులుపుతున్నాడు. ఆయన దగ్గు కింది అంతస్తులోంచి అప్పుడప్పుడూ వినబడుతుంది.

మేడంకు ఖాళీలంటే ఒళ్ళుమంట. "చుక్కలు పెట్టి తెస్తే చింపి పారేస్తాను. వివరం తెలియకపోతే ఏదో ఒకటి రాసి తీసుకురా. వాక్యం నిండుగా కనబడాలి. తరవాత మార్చుకో" అనేది ఆవిడ ఆజ్ఞ. ఏదో ఒకటి అంటే ఎవరికైనా ముందు ఏం గుర్తొస్తుంది? చిత్తుబాబు స్థలం అడిగిన చోటల్లా తన ఇంటి చిరునామా, అధికారి అడిగిన చోటల్లా మామగారి పేరు రాసేవాడు. తొమ్మిదేళ్ళలో మామగారు నాలుగుసార్లు కమిషనరయ్యారు, ఒకసారి ఓడరేవుకు అధిపతి కూడా అయ్యారు. సాయంత్రమయ్యేసరికి ప్రతిసారీ ఆ పదవి ఊడేది. పాపం, ఆయనకు ఏదీ తెలియదు.

ఆ రోజు ప్రకటన ఊరి చివర మడుగు గురించి. దాన్ని పూడ్చి లారీల యార్డు కట్టాలన్నది ప్రణాళిక. దాని మీద ఆదివారం పదింటికి బహిరంగ విచారణ. ఎక్కడ, ఎవరి ముందు అన్న రెండు వివరాలూ భవనాల విభాగం ఇవ్వాలి. అక్కడి గుమాస్తా ఇంకా రాలేదు. అతని కోసం చిత్తుబాబు మూడో అంతస్తులో కాపు కాస్తుండగా, సభలో ఎవరో మైకు విరిచి, ఎవరో బయటికి నడిచి, పదకొండింటి అంశం కాస్తా తొమ్మిదీ నలభైకే వచ్చి పడింది. బంట్రోతు పరుగున వచ్చాడు. ఎర్రసిరా మేడం బల్ల మీదున్న కాగితం మీద సంతకం గీకి అతని చేతిలో పెట్టేసింది.

సభలో మాటలు వినబడేలా వరండాల్లో స్పీకర్లు ఉంటాయి. మంత్రిగారిది గంభీరమైన గొంతు. కాగితం మీద ఏముంటే అది, తల ఎత్తకుండా, చివరి చుక్క దాకా చదవడం ఆయన అలవాటు.

"ఈ బహిరంగ విచారణ, మందుల షాపు పక్క సందులో, పద్నాలుగో నంబరు ఇంట్లో, మొదటి అంతస్తులో జరుగుతుందని సభకు తెలియజేస్తున్నాను. గేటు కాస్త పైకెత్తి తోయవలెను."

స్పీకరు ఆగలేదు. విచారణ జరిపేది విశ్రాంత తూనికలు కొలతల తనిఖీ అధికారి అంటూ మామగారి పేరు ఇంటిపేరుతో సహా చదివింది. చిత్తుబాబుకు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే పర్మనెంటు ఫైలు కళ్ళముందే రెక్కలొచ్చి ఎగిరిపోతున్నట్టనిపించింది.

సవరించుకుంటే సరిపోయేది. కానీ ప్రతిపక్ష నాయకుడు లేచి, "విచారణను ఏసీ హాల్లో కాకుండా సామాన్యుడి ఇంట్లో పెట్టిన మొదటి మంత్రి మీరే! మేం కూడా ఒప్పుకోక తప్పదు" అన్నాడు. బల్లలు మోగాయి. పదకొండేళ్ళలో మంత్రిగారి మాటకు అటువైపు నుంచి బల్ల మోగడం అదే మొదటిసారి. ఆయన కళ్ళు చెమర్చాయట. ఆదివారం తనే స్వయంగా వస్తానని అక్కడికక్కడే ప్రకటించేశారు.

"ఎవరిదయ్యా ఆ ఇల్లు?" అంది ఎర్రసిరా మేడం.

నిజం చెబుదామనే నోరు తెరిచాడు. కింది నుంచి దగ్గు వినబడింది. నోరు మూసుకుపోయింది.

"ఎవరో... మామూలు మనుషులు మేడం."

"సరే, ఇవాళే వెళ్ళి ఆ ఇంటాయన దగ్గర సమ్మతి పత్రం రాయించుకురా. ఒప్పుకోకపోతే కాళ్ళు పట్టుకో. ఎవరా ఇంటాయన? కాస్త మంచివాడేనా?"

"పిరికివాడు మేడం. ఒప్పుకుంటాడు."

తన కాళ్ళు తనే పట్టుకోవడం ఎలాగో తెలియక, దారిలో బస్సులో కూర్చునే సమ్మతి పత్రం రాసుకున్నాడు. ఇంటికి వెళ్ళేసరికి గేటు దగ్గర పక్కింటివాళ్ళు గుమిగూడి ఉన్నారు. అతని భార్య నడుముకు కొంగు దోపి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏవండీ, మనింటికి మంత్రి వస్తున్నాడన్న సంగతి నాకు మందుల షాపాయన చెప్పాలా? ఉన్నవే నాలుగు కుర్చీలు! అందులో ఒకటి కూర్చుంటే పక్కకి ఒరుగుతుంది! ఆయన దాన్లోనే కూర్చుంటాడు, చూస్తూ ఉండండి!"

"నెమ్మదిగా మాట్లాడు. ఇది మనిల్లని ఆఫీసులో తెలిస్తే నా ఉద్యోగం గోవిందా."

"మనిల్లు మనది కాకుండా ఎలా పోతుందండీ? గోడ మీద మన పెళ్ళి ఫోటో ఉంది!"

"అది తీసెయ్. ఆదివారం నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు."

"తొమ్మిదేళ్ళుగా నా అనుమానమూ అదే" అంటూ ఆవిడ లోపలికి వెళ్ళి ఫోటో దింపింది. గోడ మీద దాని ఆకారంలో తెల్లటి చదరం మిగిలింది. దాని మీద క్యాలెండరు తగిలించారు. సరిపోలేదు. రెండో క్యాలెండరు తగిలించారు.

అసలు చిక్కు మామగారితో వచ్చింది. ఆయన అప్పటికే పాత కోటు దులిపి ఆరేశారు. టేపు, కళ్ళజోడు, సన్నంగా చెక్కిన మూడు పెన్సిళ్ళు బల్ల మీద పెట్టుకుని, పిలవాల్సిన వాళ్ళ జాబితా రాస్తున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ కాటానూ వదలని మనిషి. రిటైరయ్యాక కూరల తట్టలు తప్ప తనిఖీకి ఏమీ దొరక్క చిక్కిపోయారు.

"అల్లుడూ, ఇంత పెద్ద బాధ్యత ఇప్పిస్తావని కల్లో కూడా అనుకోలేదయ్యా" అన్నారు గద్గదంగా.

"మామయ్యగారూ, మీరు నా మామయ్యగారని మాత్రం ఆదివారం ఎక్కడా అనకండి. మీ కాళ్ళకు దణ్ణం పెడతాను."

ఆయన పెన్సిలు దించారు. "అబద్ధం నా నోట రాదు. ఎవరైనా అడిగితే తప్ప చెప్పను, అంతే. అడిగేవాణ్ణి ఎలాగూ నేనే కదా."

ఆ మాట పట్టుకుని చిత్తుబాబు మూడు రోజులు బతికాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకే మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. చేపలు పట్టేవాళ్ళు, లారీ యజమానుల సంఘం అధ్యక్షుడు, పటాలు చంకలో పెట్టుకున్న ప్రణాళికా ఇంజినీరు, కింది వాటాలో ఉండే ప్లంబరు, విలేఖరులు. మంత్రిగారు వచ్చి గేటు పైకెత్తి తోశారు. కెమెరాలు మెరిశాయి. పైకొచ్చి నాలుగు కుర్చీల్లో సరిగ్గా ఒరిగే కుర్చీనే ఎంచుకున్నారు. చిత్తుబాబు భార్య నుదుటి మీద కొట్టుకుంది. ఎర్రసిరా మేడం గోడ మీదున్న రెండు క్యాలెండర్లనూ మార్చి మార్చి చూసింది.

మామగారు కోటు గుండీలు పెట్టుకుని గొంతు సవరించుకున్నారు.

"కొలిచే ముందు కాటా సరిగ్గా ఉందో లేదో చూడాలి. అందుకని నా మొదటి ప్రశ్న. ఊళ్ళో ఇన్ని హాళ్ళుండగా ఈ ఇంటిని ఎంచిందెవరు? ఎందుకు? ప్రకటన రాసినాయన ముందుకు రావాలి."

చిత్తుబాబు మామగారి వంక చూశాడు. మామగారి మొహంలో చుట్టరికం ఛాయ కూడా లేదు. పారిపోదామంటే మెట్ల నిండా చేపలవాళ్ళు. గుమ్మం పట్టుకుని నిలబడి, ఒకే ఊపిరిలో కక్కేశాడు. "ఎవరూ ఎంచలేదండీ. ఖాళీ ఉంటే మేడం ఒప్పుకోరని నా ఇంటి చిరునామా రాశాను. ఇది నా ఇల్లు. ఆవిడ నా భార్య. తమరు నా మామగారు. హాలు పేరు రాగానే మారుద్దామనుకున్నాను. ఈలోగా చదివేశారు."

ఎర్రసిరా మేడం కలం మూత తీసింది. ఆ చప్పుడు అతనికి గోదాము తలుపు తెరిచినట్టు వినిపించింది.

ముందుగా తేరుకున్నది ఇంజినీరే. "పొరపాటని తేలిపోయింది కదా! అందరం హాలుకు వెళదాం. మడుగు ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. దానికీ ఈ సందుకీ సంబంధమే లేదు."

"లేదా?" అన్నాడు ప్లంబరు. "అయ్యా మంత్రిగారూ, ఒక్కసారి కిందకి దిగండి. నా వాటా గోడ చూసి అప్పుడు వెళ్ళండి."

మంత్రిగారు లేచారు. కుర్చీ పడింది. జనమంతా వెనకే దిగారు. కింది వాటా గోడ మీద రెండు గోధుమరంగు చారలున్నాయి. మామగారు టేపు తీసి కొలిచారు. ఒకటి మోకాలెత్తు. ఎప్పుడూ వచ్చే వానలకు అంతే వచ్చేదని ప్లంబరు చెప్పాడు. రెండోది మూడేళ్ళ కిందటిది. గోదాముల కోసం మడుగులో సగం పూడ్చిన ఏడాది. ఊళ్ళో నీళ్ళు అక్కడికి పోయే దారి లేక వెనక్కి తన్నాయి.

"మా అమ్మని తలుపు మీద పడుకోబెట్టి బయటికి తెచ్చాను సార్" అన్నాడు ప్లంబరు. "మిగతా సగం కూడా పూడిస్తే ఈసారి తలుపు కూడా తేలదు."

మామగారు మంత్రిగారిని గోడకు ఆనించి నిలబెట్టి, పైచారకు టేపు పట్టారు. సరిగ్గా ఆయన మీసాల దగ్గరికొచ్చింది. మంత్రిగారు ఆ చారను చాలాసేపు చూశారు. కాగితం లేకుండా ఆయన దేన్నైనా అంతసేపు చూడటం ఎవరూ ఎరగరు. ఇంజినీరు పటం చుట్టేశాడు.

అప్పుడు మంత్రిగారు విలేఖరుల వైపు తిరిగి, అదే గంభీరమైన గొంతుతో అన్నారు. "అందుకే ఈ ఇంటిని ఎంచాను."

చప్పట్లతో సందు మారుమోగింది. పొరపాటే లేనప్పుడు పొరపాటు చేసినవాడెలా ఉంటాడు? ఎర్రసిరా మేడం కలానికి మూత పెట్టింది. చిత్తుబాబుకు ప్రాణం లేచొచ్చింది. ఆ వారమే ఫైలు మీద సంతకం పడింది. సంతకం పెడుతూ ఆవిడ వేలు చూపించింది. "ఇక మీదట నేను సంతకం చేసిన కాగితంలో నువ్వు ఒక్క అక్షరం ముట్టుకున్నావంటే చూడు!"

మామగారు నలభై పేజీల నివేదిక ఇచ్చారు. మడుగు జోలికి వెళ్ళొద్దన్నారు. మంత్రిగారు ఒప్పుకున్నారు. చిత్తుబాబు కొత్త ప్రకటన రాశాడు. మడుగు పూడ్చబోమని, లారీల యార్డును ఫలానా చోట కడతామని. ఆ ఫలానా చోటు ఇంకా తేలలేదు. బుద్ధొచ్చిన మనిషి కనక చుక్కలు పెట్టాడు.

"మళ్ళీ చుక్కలా?" అని మేడం మండిపడింది. "ఇటు తే. నీ ఇల్లు రాసింది చాలు!" తనే ఎర్ర కలంతో ఆ ఖాళీ నింపి, సంతకం గీకి, ట్రేలో పడేసి మీటింగుకు బయల్దేరింది.

చిత్తుబాబు కాగితం వంక చూశాడు. "మేడం, ఒక్క నిమిషం, ఆ ఖాళీ..."

"ఖాళీ ఎక్కడుందయ్యా? నింపాను కదా! తరవాత నేనే మారుస్తాను."

"అదే మేడం, మీరు రాసింది..."

"ముట్టుకోకన్నానా లేదా? వెళ్ళి టీ తాగు, పో!"

పర్మనెంటు ఉద్యోగి పై అధికారి మాట జవదాటకూడదు. వెళ్ళాడు. టీ వేడిగా వచ్చింది. సగం తాగాడో లేదో, క్యాంటీన్ స్పీకరు గరగరలాడి మంత్రిగారి గొంతు పలికింది. "లారీల యార్డును తోటల వీధిలో, పదకొండో నంబరు బంగళాలో నిర్మిస్తామని సభకు తెలియజేస్తున్నాను. నీలం గేటు. కుక్క ఉన్నది, జాగ్రత్త."

చిత్తుబాబు ఇంకో టీ చెప్పాడు.