నూర్ అహ్మద్‌కు మూడు ఊళ్ల సన్మానం

దేశం కోసం ప్రాణమిచ్చిన వాడి బిడ్డ గానీ, అవయవమిచ్చిన వాడి బిడ్డ గానీ ఇకమీదట ఫీజు కట్టలేక కాలేజీ మానుకునే దుస్థితి ఈ రాష్ట్రంలో ఉండబోదని, కేబినెట్ హోదా గల సైనిక సంక్షేమ సలహాదారు శ్రీ వెంకటరమణయ్య గారు ప్రొద్దుటూరులో ప్రకటించారు. పథకం పేరు ‘వీర విద్యా వందనం’. వందనం ముందు, విద్య తర్వాత. లబ్ధిదారుకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా సన్మానం జరిగిన పిమ్మటే ఫీజు విడుదలవుతుంది. ఒక ఊళ్లో చేసి మరో ఊళ్లో మానితే అక్కడి కార్యకర్తలు అలుగుతారు. అలిగిన కార్యకర్త శత్రుసైన్యం కంటే ప్రమాదకారి అని సలహాదారు గారికి అనుభవపూర్వకంగా తెలుసు.

తొలి లబ్ధిదారుగా ఎంపికైన మాజీ హవల్దార్ నూర్ అహ్మద్ ఈ ఏర్పాటును మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. సరిహద్దులో మందుపాతర పేలి ఎడమకాలు పోగొట్టుకున్నవాడు. ఆజ్ఞ అంటే ఆజ్ఞే అని నమ్మేవాడు. కూతురు అఫ్సానాకు ఫార్మసీలో సీటొచ్చింది. శనివారం సాయంత్రం లోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. శుక్రవారానికల్లా మూడు సన్మానాలూ ముగుస్తాయి. యుద్ధానికి కూడా ఇంత పకడ్బందీ ప్రణాళిక వేయడం అతను చూడలేదు.

ప్రొద్దుటూరు సభలో అతను వేదిక మెట్లను కవాతు చేస్తున్నట్టు ఎక్కాడు. చప్పట్లు పడలేదు. సలహాదారు గారు తమ కార్యదర్శి గోపీకృష్ణ చెవిలో అడిగారు.

“ఏందప్పా ఇది? మనిషి నాకంటే బాగ నడుస్తాండాడు.”

“పెట్టుడు కాలు సార్. పూణేలో పెట్టించినారు.”

“పెట్టుడు కాలని జనానికి తెలియాల గదా.”

సభ ముగిశాక గోపీకృష్ణ మర్యాదగా విన్నవించాడు. “జమ్మలమడుగులో కొంచెం కుంటాల మామా.”

“ఏ కాలు కుంటాల?”

“జనం ఏ పక్క కూచోనుంటే ఆ పక్కది.”

ఇంటికి పోయి నూర్ అహ్మద్ సాధన మొదలుపెట్టాడు. అఫ్సానా వాకిట్లో నిలబడి చూసింది.

“ఏంది నాయనా, ఇట్ల నడుస్తాండావు?”

“ప్రాక్టీసు.”

“పూణేలో డాక్టరు చూస్తే ఏడుస్తాడు. సీటు మాత్రం శనివారం దాటితే ఉండదు నాయనా.”

“ఇంక రెండూళ్లే గదమ్మా.”

జమ్మలమడుగులో కుంటు అద్భుతంగా కుదిరింది. కుంటినది కుడికాలైనా జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు. “ఈ వీరుడు దేశానికి కాలిచ్చినాడు, నేను నా కాలమంతా ఇస్తాండా,” అని సలహాదారు గారు గద్గద స్వరంతో సెలవిచ్చారు. కాలు తీసి చూపిస్తే ఇంకా ప్రభావవంతంగా ఉంటుందని ఎవరో సూచించారు. సలహాదారు గారు ఆ కాలిని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్న తీరు, కబడ్డీ కప్పు గెలిచిన కెప్టెన్‌ను తలపించింది. తర్వాత అది సెల్ఫీల నిమిత్తం చేతులు మారి, యువజన విభాగం వారి కారెక్కి గండికోట చేరింది. పెన్నా లోయ అంచున దాన్ని నిలబెట్టి ఫొటోలు తీశారు. అది తిరిగొచ్చేదాకా నూర్ అహ్మద్ వేదిక మీద కుర్చీలోనే కూర్చుని, తన కాలు తనకంటే ముందు గండికోట చూసినందుకు సంతోషించాడు.

శుక్రవారం పులివెందుల. జమ్మలమడుగు వారు పూలమాల వేశారు గనుక పులివెందుల వారు తమ తోటల చీనీకాయలతో, అంటే బత్తాయిలతో, మాల గుచ్చి, క్రేనుతో పైకి లేపారు. ఎద్దులబండికి సరిపడా కాయలు. మాల నూర్ అహ్మద్ తల మీదికి దిగుతుండగా, చిరకాల అభ్యాసం కొద్దీ సలహాదారు గారి మెడ తనంతట తానే ముందుకు వచ్చింది. క్రేను డ్రైవరు కూడా అలవాటైన మెడను చూసి అటు తిప్పాడు. తాడు తెగింది. మాల మొత్తం సలహాదారు గారి ఎడమ పాదం మీద పడింది.

కార్యకర్తలు కాయలేరుకుంటుండగా, నూర్ అహ్మద్ ఫ్లెక్సీ కర్ర విరిచి, తన సన్మాన శాలువాతో ఆ కాలికి కట్టు కట్టాడు. ఆసుపత్రిలో కట్టు విప్పిన డాక్టరు మెచ్చుకున్నాడు.

శనివారం ఉదయమే నూర్ అహ్మద్ కార్యాలయానికి వెళ్లాడు.

“మూడూళ్లూ అయిపోయినాయి గదా అప్పా. ఈపొద్దే ఆఖరు.”

గోపీకృష్ణ నిజంగానే బాధపడ్డాడు. “యాడ అయిపోయింది మామా? మాల నీ మెడలో పడల్యా. పులివెందుల సన్మానం జరగనట్టే లెక్క.”

“ఇంకో మాల వెయ్యండి.”

“సార్ లేకుండా ఎట్లేస్తాం? సార్ కాలు కుదురుకోవాల గదా.”

పదిరోజులకు ప్రొద్దుటూరులోనే మళ్లీ సభ జరిగింది. సైనిక సంక్షేమ విధి నిర్వహణలో అవయవానికి హాని కలిగినందున సలహాదారు గారి కుటుంబం కూడా పథకానికి అర్హమేనని నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. చక్రాల కుర్చీలో ఉన్నవారిని ఊరూరా తిప్పడం అమానుషమని, మూడు ఊళ్ల సన్మానం ఒకే వేదిక మీద జరిపారు. సలహాదారు గారి కుమారుడికి తొలి మంజూరు పత్రం మాజీ సైనికుడి చేతుల మీదుగా ఇప్పించాలని నిర్ణయించారు.

“ఈపొద్దు కుంటొద్దు మామా,” అన్నాడు గోపీకృష్ణ మెట్ల దగ్గర. “నువ్వు కుంటితే సార్ జనం కంటికి ఆనరు.”

నూర్ అహ్మద్ నిటారుగా నడిచి వెళ్లి పత్రం అందించాడు. ఫొటో కోసం ఇద్దరూ దాన్ని చెరో అంచూ పట్టుకుని నిలబడ్డారు.

“ఏం చదువుతాండావు బాబూ?”

“తెలీదంకుల్,” అన్నాడు కుర్రవాడు కెమెరా వైపు నవ్వుతూ. “ఆ మధ్య శనివారం సాయంత్రం ఏదో సీటు ఖాళీ అయిందంట.”