శంకుస్థాపన రాయి వెనకపక్క

నంద్యాల–ఆళ్లగడ్డ జంట పట్టణాల భావి ప్రణాళికా సంస్థవారు ప్రజలను ఒక మాట అడగాలని నిర్ణయించారు. ఇది మామూలు విషయం కాదు. ఇంతకాలం ప్రజలను ఏమీ అడగకుండానే రోడ్లు, కాలనీలు, కాలనీల నడుమ వాన నీళ్లు నిలిచే పల్లాలు చక్కగా ఏర్పడుతూ వచ్చాయి. అయినా సంస్థ చైర్మన్ సుబ్బయ్యగారిది విశాల హృదయం. "రాబోయే ఇరవై ఏళ్లలో ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్ ఇది. ప్రజలు చెప్పిందే వేదం. ముప్పై రోజుల్లోగా అభ్యంతరాలు తెలపండి" అని పత్రికలో అరపేజీ ప్రకటన ఇచ్చారు. అరపేజీలో ముప్పాతిక భాగం చైర్మన్‌గారి నవ్వు. మిగిలిన జాగాలో, చీమ తలకాయలంత అక్షరాలతో, అసలు సంగతి.

ఆ చీమ తలకాయలను చదివిన మనిషి పట్టణం మొత్తం మీద ఒక్కరే. హన్నమ్మ. డెబ్బై ఒకటో ఏడు. బడి మొహం చూడలేదు. అంగడిలో శొంఠి, మిరియాలు పొట్లం కట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. అందుకే ఏ కాగితం చేతికొచ్చినా చివరి మాట దాకా చదివితే గానీ ఆమె మనసు కుదుటపడదు. అచ్చు వేసిన ప్రెస్సు పేరు కూడా వదలదు.

ఐదో పేరాలో ఉంది: "కుందూ నది ఒడ్డున గల ఖాళీ స్థలం మీదుగా వంద అడుగుల రోడ్డు."

కుందూ ఒడ్డున ఖాళీ స్థలమంటే సమాధుల తోట. అందులో ఓబయ్య ఉన్నాడు.

ఓబయ్య ఆమె భర్త. కరోనా కాలంలో ఊపిరి ఆడక ఆటో ఎక్కుతూ, "గ్యాస్ ఆపినావా?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా ఆటో కదిలింది. తర్వాత మొహం చూడనివ్వలేదు. ఎవరో నలుగురు తీసుకుపోయి పూడ్చి, ఆమెను గేటు బయట నిలబెట్టి, అదిగో అక్కడ అని వేలితో చూపించారు. చుట్టాలు ఊరికి పోతుంటే బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా నిలబడే మనిషి హన్నమ్మ. అలాంటిది కట్టుకున్నవాడినే సరిగ్గా సాగనంపలేదు. ఐదేళ్లుగా ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆ మట్టిదిబ్బ దగ్గరికి పోయి "ఆపినాలే" అని చెప్పి వస్తోంది. ఇప్పుడు ఆయన్ను జేసీబీకి అప్పజెప్పి మళ్లీ గేటు బయట నిలబడాలా?

మరునాడే సంస్థ ఆఫీసుకు పోయింది.

ప్రజలు చూడాలని మ్యాపును గోడకు తగిలించారు. ప్రజలు ముట్టుకోకూడదని దాని ముందర రెండు బీరువాలు పెట్టారు. హన్నమ్మ బీరువాల సందులోనుంచి చూసింది. ఇళ్లు పసుపు, బజార్లు ఎరుపు, పార్కులు పచ్చ. కుందూ పక్కన నువ్వుగింజంత తెలుపు. దాని మీదుగా నల్లటి గీత.

ప్లానింగ్ ఆఫీసర్ గీతాంజలి మేడం ఎంతో మర్యాదస్తురాలు. కుర్చీ వేయించి, ఫారం తీసింది.

"స్థలం ఎవరి స్వాధీనంలో ఉందమ్మా?"

"మా ఆయనే ఉండాడు మేడం."

"ఎన్నేళ్లుగా?"

"ఐదేండ్లు."

"ఎప్పుడూ అక్కడే ఉంటారా?"

"యాడికీ పోడు."

"మంచిది. అయితే అభ్యంతరం ఆయనే పెట్టాలి. ఆధార్ కార్డుతో రమ్మనండి."

"ఎట్లొస్తాడు తల్లీ? ఆడ పూడ్చినారు."

మేడం పెన్ను ఒక్క క్షణం ఆగింది. ప్రభుత్వ ఫారం దేనికీ ఆగదు కాబట్టి మళ్లీ కదిలింది. "అలాగైతే ఏడో కాలమ్. స్వయంగా రాలేనివారు తమ తరపున ఇంకొకరిని పంపుతూ సంతకం చేసిన ఉత్తరం జతచేయాలి."

సంతకం చేయించలేకపోవడం తన తప్పే అన్నట్టు హన్నమ్మ తల వంచుకుంది. మేడం మనసు కరిగింది. గొంతు తగ్గించింది.

"చూడమ్మా. మా సర్వేలో అది ఖాళీ స్థలం. సమాధులైతే రాళ్లుండాలి, రాళ్ల మీద పేర్లుండాలి. అక్కడ ఒక్క శాశ్వత నిర్మాణమూ లేదు."

"కొయ్య సిలువలుండె మేడం. చెదలు తినేసె."

"చెదలు తిన్నదాన్ని శాశ్వతమని నేనెలా రాయను? ఇరవయ్యో తారీఖున చైర్మన్‌గారితో కలిసి స్థలం చూడ్డానికి వస్తాం. కంటికి కనిపించింది రాసుకుంటాం. ఈలోపు పదో తారీఖున సదస్సు ఉంది, తప్పకుండా రండి. ప్రజలు నోరు విప్పాలనే కదా మా తాపత్రయమంతా."

ప్రజలు నోరు విప్పే సదస్సు ఒక ఫంక్షన్ హాల్లో పదింటికి మొదలైంది. వేదిక మీద నలభై కుర్చీలు. నలభై మందీ మాట్లాడారు. ప్రజల మాట వినడం ఎంత గొప్పదో ఒక్కొక్కరూ అరగంట తక్కువ కాకుండా చెప్పబోతే, చైర్మన్‌గారు అందరికీ ఐదేసి నిమిషాలకు కుదించి, మిగతాది తనే చెప్పారు. మూడున్నరకు "ఇక ప్రజల వంతు" అన్నారు. అదే ఊపిరిలో "భోజనాలు సిద్ధం" అన్నారు.

ఇక్కడే సంస్థవారి తెలివిని మెచ్చుకోవాలి. అభిప్రాయం చీటీ, భోజనం చీటీ ఒకే కాగితం. నడుమ చిల్లుల గీత. అభిప్రాయం చింపి పెట్టెలో వేసినవారికే రెండో ముక్క మీద ముద్ర పడుతుంది. అభిప్రాయానికి రెండు గళ్లు ఇచ్చారు. ఒకటి "అంగీకరిస్తున్నాను". రెండోది "సంతోషంగా అంగీకరిస్తున్నాను".

"ఏందన్నా, వద్దు అనేదానికి గడి యాడ?" అని వరసలో ఒకాయన అడిగాడు.

"వద్దనేవానికి బువ్వెందుకప్పా? జరుగు, వంకాయ అయిపోతాంది" అన్నాడు వెనకాయన.

హన్నమ్మ ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. చీటీ వెనకపక్క, "మా ఆయన ఆడ ఉన్నాడు. రోడ్డును రవ్వంత పక్కకు జరపండి" అని పొట్లాల మీద నేర్చుకున్న అక్షరాలతో రాసి పెట్టెలో వేసింది. సాయంత్రం చైర్మన్‌గారు ఫలితం ప్రకటించారు. ప్లాన్ ఏకగ్రీవం. టిక్కు లేని చీటీ ఒకటి వచ్చిందనీ, సంతోషం ఎక్కువై ఆ పౌరుడికి చెయ్యి ఆడి ఉండదనీ, దాన్ని రెండో గడిలో కలిపామనీ చెప్పారు. చప్పట్లు మోగాయి.

"ఇంక రాయి ఒకటే దారి అత్తా" అన్నాడు ప్రేమ్ సాగర్. ఆమె అన్న కొడుకు, నలభై ఏళ్లవాడు, సామాన్లు మోసే ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇద్దరూ ఆళ్లగడ్డ పోయారు.

ఆళ్లగడ్డలో రాతిపనివాళ్లకు తీరిక ఉండదు. శిల్పి వెంకటేష్ షెడ్డు నిండా సగం చెక్కిన దేవుళ్లు, సగం చెక్కిన నాయకులు. దేవుళ్లకు కళ్లు ఆఖరున తెరుస్తారు. నాయకులకు కళ్లజోడు ముందే పెడతారు.

"కొత్త రాయంటే నెల పడతాదవ్వా" అన్నాడు వెంకటేష్, రాతి దుమ్ము దులుపుకుంటూ. "నువ్వు అయిదారు దినాల్లో కావాలంటాండావ్. ఇట్రా, ఒకటి చూపిస్తా."

షెడ్డు వెనక గోడకు నల్లరాయి పలకలు వరసగా ఆనించి ఉన్నాయి. ఒక్కోదాని మీద బంగారు రంగు అక్షరాలు.

"ఇవన్నీ శంకుస్థాపన రాళ్లే. రాయి పాతుతారు, కొబ్బరికాయ కొడతారు, పోతారు. పని మొదలుకాదు. కొన్నేండ్లకు ఆ జాగాలో ఎవురో ప్లాట్లు వేస్తారు, రాయి అడ్డమని మళ్లా నాకే అమ్ముతారు. ముందరపక్క వాళ్లు పాడుచేసినారు గానీ, వెనకపక్క ఎవురి చెయ్యీ పడలేదవ్వా. అద్దం మాదిరి ఉంటాది."

హన్నమ్మ వంగి, వేలు పెట్టి ముందరపక్క చదివింది. "నంద్యాల పట్టణ సమీపమున మిర్చి శీతల గిడ్డంగి నిర్మాణమునకు గౌరవనీయ మంత్రివర్యుల అమృత హస్తములతో…" మంత్రి తర్వాత పద్నాలుగు పేర్లు. అన్నీ చదివింది.

"ఇది మిరపకాయల రాయి కదప్పా. మా ఆయన మీద పెట్టుకుంటే ఎవురన్నా అడిగితే?"

"ఎవురడుగుతారు? గిడ్డంగి కట్టలేదని ఇన్నేండ్లూ మిరపకాయలేసినోళ్లే అడగలేదు."

"ఈ అక్షరాలు అరగదీయరాదా?"

"దానికి ఇంకో వారం. ఎందుకవ్వా? నీ పక్క నువ్వు చూసుకో, ఆ పక్క మంత్రి చూసుకుంటాడు."

సిలువ, పేరు, రెండు తారీఖులు. కింద ఏదైనా వాక్యం చెక్కమంటావా అని అడిగాడు వెంకటేష్.

"'ఆపినా' అని చెక్కు."

"ఏం ఆపినావు?"

"ఆయనకు తెలుసులే."

పద్దెనిమిదో తారీఖున రాయి నాటారు. సమాధిలో తల పడమటికి, కాళ్లు తూర్పుకు ఉంటాయి. రాయి తలాపున నిలబెట్టి, పేరు సమాధి వైపు తిప్పుతారు. ఓబయ్య పేరు అలాగే తూర్పుకు తిరిగింది. పడమట ఇప్పుడున్న రోడ్డుంది. రాయికి రెండో పక్క అటు తిరిగింది. నాటే తొందరలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇరవయ్యో తారీఖున మూడు కార్లు, వాటి వెనక ఒక జేసీబీ వచ్చాయి. హన్నమ్మ పొద్దున్నుంచే సమాధి దగ్గర నిలబడి ఉంది. చైర్మన్‌గారు కారు దిగి, నాలుగడుగులు వేసి, రాయిని చూసి ఆగిపోయారు. చెప్పులు విడిచారు.

రాయి వేసినప్పుడు ఆ మంత్రిగారు వేరే పార్టీ. మధ్యలో ఇంకో పార్టీ. ఇప్పుడు ఈ పార్టీ. పార్టీలు మారినా శాఖ మారలేదు. అంతటి నిలకడ ఉన్న మనిషి.

"గీతాంజలమ్మా, ఇది ఖాళీ స్థలమని రాసింది ఎవురు?"

"మన సర్వే సార్."

"మంత్రిగారు కొబ్బరికాయ కొట్టిన చోటు ఖాళీ స్థలమా? దీని మీద రోడ్డేస్తే ఆయన నన్ను రోడ్డు మీద నిలబెడతాడు! ఫైలు చూపించు."

మేడం ఆఫీసుకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో ఫోన్లోకే ఫైలు వచ్చింది. ప్రజలు అడిగితే దొరకని ఫైళ్లు అవసరమైతే ఎంత చురుగ్గా ఉంటాయో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

"మిర్చి శీతల గిడ్డంగి సార్. స్థలం ఎక్కడో రాయలేదు. పని పురోగతిలో ఉంది. నలభై శాతం పూర్తయింది."

చైర్మన్‌గారు నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశారు. వరసగా, ఒకే పొడవు, ఒకే వెడల్పు, మట్టి దిబ్బలు.

"కనిపిస్తానే ఉంది కదా. పునాదుల మట్టిపని ఎంత బాగా చేసినారో చూడు. ఒక్క వరస తప్పలేదు."

"సార్, అవి సమాధు…" అన్నాడు జేసీబీ డ్రైవరు.

"నువ్వు బండి వెనక్కి తిప్పప్పా."

గీతాంజలి మేడం రాయి చుట్టూ తిరిగి తూర్పు వైపు వచ్చింది. సిలువ చూసింది. పేరు చదివింది. "ఆపినా" అన్న మాట దగ్గర కొంచెంసేపు నిలబడింది. హన్నమ్మ రెండు చేతులూ జోడించింది. మేడం మళ్లీ పడమటి వైపు పోయింది.

"ఆ పెద్దమ్మ ఎవురు?" అన్నారు చైర్మన్‌గారు.

"స్థానికురాలు సార్. స్థలం ఆక్రమణకు గురికాకుండా చూసుకుంటోంది."

"శభాష్! ఇట్లాంటి ప్రజలుండాలమ్మా మనకు."

నెల తిరగకుండా తుది మాస్టర్ ప్లాన్ వెలువడింది. హన్నమ్మ పేపరు రెండుసార్లు చదివింది. వంద అడుగుల రోడ్డు కుందూ దాకా నిటారుగా వచ్చి, అక్కడ వినయంగా వంగి, నువ్వుగింజను చుట్టి మళ్లీ నిటారుగా పోయింది. నువ్వుగింజకు ఇప్పుడు ఊదా రంగు. పక్కన "మిర్చి శీతల గిడ్డంగి" అని ఉంది. "ప్రజల మాటకు తలవంచిన రోడ్డు" అని చైర్మన్‌గారి నవ్వు కింద రాశారు. అట్టడుగున చీమ తలకాయలు: "ముప్పై రోజుల్లో అందిన అభ్యంతరాలు: లేవు." దాని కింద ఇంకో వరస: "చైర్మన్‌గారు స్వయంగా తనిఖీ చేసినందున గిడ్డంగి పనులు నూరు శాతం పూర్తయినట్లు నమోదు చేయడమైనది. మంత్రివర్యులు త్వరలో డోన్ సభ నుంచి బటన్ నొక్కి ప్రారంభిస్తారు."

ఆ మధ్యాహ్నమే ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది.

"అవ్వా, నేను వెంకటేష్‌ని. ప్రారంభోత్సవం రాయి పని నాకే చెప్పినారు. పాత రాయి పక్కనే పాతాలంట. వెనకపక్క ఊరికే పోతాంది కదా అనిపించింది. మీవాళ్లలో ఎవురికన్నా కావాల్నేమో అడుగుదామని."

హన్నమ్మ ఫోను చెవికి అదుముకుంది. "ఏ పక్క పాతుతారప్పా? ఆయనకు కుడిపక్కా, ఎడంపక్కా?"

"ఎడంపక్క అన్నారు."

నలభై నాలుగేళ్లు ఆమె పడుకున్నది ఆ పక్కనే.

"అయితే ఎవురికీ ఇయ్యాకు. నా పేరు చెక్కు. పుట్టిన తారీఖు వేసి, రెండోదానికి జాగా వదులు."

"అట్లనేలే. ముందరపక్క కూడా తారీఖుకు జాగా వదలమన్నారు. మంత్రిగారికి ఎప్పుడు తీరికైతే అప్పుడంట."

"ఆయన్ను తొందరపడొద్దని చెప్పప్పా" అంది హన్నమ్మ. "గిడ్డంగి యాడికీ పోదు."