సున్నపు తేట

ముప్ఫై ఏళ్ళు బడిలో సైన్సు చెప్పి రిటైరైన మామగారికి ఎవరైనా పని నేర్పితే ఒళ్ళు మండుతుంది. అందులోనూ అల్లుడు, అందులోనూ పొద్దున్నే.

పళ్ళ డాక్టరైన ఆ అల్లుడు రెండేళ్ళుగా హాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టి, చేపలతో పాటు ప్రాణమున్న పగడాలు పెంచుతున్నాడు. పగడం ఎదగాలంటే నీళ్ళకు రోజూ కాస్త సున్నం అందాలి.

"బకెట్‌లో చెంచాడు సున్నం కలిపి గంటసేపు కదపకండి మామయ్యగారూ. పైన తేరిన తేట మాత్రమే తొట్టి మీద వేలాడే సీసాలో పోసి, సెకనుకో చుక్క పడేలా దాని గొట్టం మర తిప్పండి. ఎక్కువైతే అన్నీ చచ్చిపోతాయి."

"సున్నపు తేట గురించి నాకా చెప్తున్నావు అల్లుడూ? వెళ్ళిరా!"

అల్లుడు క్లినిక్‌కి వెళ్ళాడు. మామగారు సున్నం కలిపి పది నిమిషాలు ఓపిక పట్టారు. గంట ఆగడమనేది తెలియనివాళ్ళ కోసమని తేల్చుకుని, మడ్డితో సహా సీసాలోకి ఒంపేశారు. నాలుగు చుక్కలు పడి గొట్టం పూడుకుపోయింది. ఆయన మర మొత్తం విప్పి, సీసాను రెండు చరుపులు చరిచారు. అయ్యో అనేలోపు సీసాడు సున్నమూ తొట్టిలోకి దిగిపోయింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. చేపలు మాయం, పగడాలు మాయం.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే నర్సు ఎత్తింది.

"డాక్టరుగారికి చెప్పమ్మా! సున్నం పడిపోయింది. అంతా తెల్లగా ఉంది, ఏమీ కనబడట్లేదు!"

"అయ్యో! మంటగా ఉందా అండీ?"

"ఉండదా తల్లీ? గుండెల్లో మండుతోంది!"

"నీళ్ళతో కడిగారా?"

"కడిగితే ఉన్నవి కూడా పోతాయి!"

"రెండూ పోయాయా?"

"రెండేమిటి, పదకొండున్నాయి!"

పెద్దాయనకు కళ్ళతో పాటు మతి కూడా పోయిందని నర్సుకు అర్థమైంది.

ఇక్కడ మామగారికి పాఠం గుర్తొచ్చింది. మనం వదిలే ఊపిరి సున్నం ఘాటును విరుస్తుంది. వెంటనే రబ్బరు గొట్టం తొట్టిలో పెట్టి, బుగ్గలు పూరించి ఊదడం మొదలుపెట్టారు. పావుగంట ఊదేసరికి గది గిర్రున తిరిగింది. గొట్టం నోట్లో ఉండగానే నేలమీద వాలిపోయారు.

సరిగ్గా అప్పుడే అల్లుడు, క్లినిక్‌లో తన పక్క గది కంటి డాక్టరును రెక్క పట్టుకుని లోపలికి ఊడిపడ్డాడు. అల్లుడు మామగారి కాళ్ళు అదిమిపట్టాడు. కంటి డాక్టరు తన మందుల పెట్టె తెరిచి పెట్టుకుని, ఆయన రెప్పలు విడదీసి రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించాడు.

"నాకు కాదయ్యా, చేపలకి!" అని మామగారు ఉక్కిరిబిక్కిరిగా అరిచారు.

అల్లుడు తొట్టివైపు తిరిగి గుండె పట్టుకున్నాడు. నీటి ఘాటు కొలిచే మీటరు ముంచి చూశాడు. "ఎనిమిది పాయింట్ ఎనిమిది! అయిపోయింది, ఒక్కటీ మిగలదు!" అని కుర్చీలో కూలబడ్డాడు.

మామగారు లేచి, కళ్ళు తుడుచుకుని వంగి చూశారు. "ఎనిమిది పాయింట్ మూడు కదా!"

కంటి డాక్టరు కూడా చూశాడు. "మూడే. ఎంత ఉండాలి?"

"అంతే ఉండాలి," అన్నాడు అల్లుడు. తెల్లటి నీళ్ళలోంచి ఒక పసుప్పచ్చ చేప మూతి బయటపెట్టి, అందరినీ ఓసారి చూసి పోయింది.

కంటి డాక్టరు తెరిచిన పెట్టెను మళ్ళీ మూయలేదు. మామగారిని పక్కకు జరిపి, ఆ కుర్చీలోనే అల్లుడి తల వెనక్కి వంచాడు. "ఈ చూపుతో ఎన్నాళ్ళ నుంచి పళ్ళు పీకుతున్నావు?"

ఆ వార్త పొక్కిన దగ్గర్నుంచి క్లినిక్‌కి వచ్చేవాళ్ళు, పీకవలసిన పన్ను మీద వేలు పెట్టుకునే కుర్చీలో కూర్చుంటున్నారు.