ఖోర్ మర్జాన్ పరుగులో ఊపని ఫింజాన్

మనిషి నేల మీద కాలు మోపే అవసరం లేకుండా ఒక నగరాన్ని సంపూర్ణంగా నిర్మించాక, అందులో పరుగు పందెం పెట్టడమొక్కటే మిగులుతుంది. గల్ఫ్ తీరాన ఖోర్ మర్జాన్ పురపాలక మండలి ఆ చివరి కొరత కూడా తీర్చదలచి, ఏటా చలికాలంలో నగర మారథాన్ జరపాలని తీర్మానించింది. అప్పటికే ఆ ఊళ్లో టీ కావాలంటే కొట్టు ముందు కారాపి హారన్ కొట్టడం, టీయే కారు దగ్గరికి రావడం ఆనవాయితీ. మందులూ అలాగే వచ్చేవి. జనాన్ని పరుగెత్తించే ముందు ఒకసారి నడిపించి చూస్తే బాగుంటుందేమోనని కమిటీలో ఒకాయన సందేహం వెలిబుచ్చాడు. (ఆయన్ను గౌరవ సలహాదారుగా నియమించి, సమావేశాలకు పిలవడం మానేశారు.)

ఆ పరుగు చరిత్రను ఇరవయ్యో ఏట బంగారు అక్షరాల అట్టతో అచ్చు వేశారు. అందులో బూ మత్తర్ పేరు ఎక్కడా లేదు. ఉండవలసిన పనీ లేదంటుంది కమిటీ. ఆయన చేసిందల్లా కాఫీ పోయడమే కదా!

పాత రేవు వెనక సందులో బూ మత్తర్ ఇల్లు. వచ్చినవాళ్లు కూర్చునే మజ్లిస్ తలుపు వీధిలోకే ఉంటుంది. ఆ తలుపును ఆయన తండ్రి మూయలేదు. ఈయన హయాంలో మూద్దామన్నా బందులు తుప్పు పట్టి కదలవు. మొదటి ఏడాది పరుగు దారి గీసిన విదేశీ సలహాదారు ఊరు చూసిన పాపాన పోలేదు. పటం మీద తెల్లగా కనబడిన చోటల్లా గీత లాగాడు. ఆ గీత బూ మత్తర్ గడప ముందు నుంచి పోయింది. గడప గల ఆసామికి ఆ ముక్క ఎవరూ చెప్పలేదు.

తెల్లవారి నమాజు అయ్యాక ఆయన కాఫీ కూజా దల్లాను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అంతలో సన్నగా, పొడుగ్గా, ఒళ్లంతా తడిసిన మనిషొకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఖోర్ మర్జాన్‌లో మనిషి కాళ్ల మీద పరుగెత్తడానికి కారణాలు రెండే. ఎవరైనా తరుముతూ ఉండాలి, లేదా ఒంటె తప్పిపోయి ఉండాలి. ఏదైనా సరే, ముందు కాఫీ ఇచ్చి తరవాత అడగడం పద్ధతి. కానీ బూ మత్తర్ ఆగలేకపోయాడు.

"ఎవరు తరుముతున్నారయ్యా నిన్ను?"

వచ్చినతను ఆయాసపడుతూ వెనక్కి చూపించాడు. నిజమే, సందు మొదట్లో పెద్ద గుంపు కనబడింది.

"అమ్మో, అంతమందా! రా, లోపలికి రా. నా గడప తొక్కాక నిన్నెవడు ముట్టుకుంటాడో నేనూ చూస్తాను."

అతని పేరు తెస్ఫలెం. ఇథియోపియా మనిషి. అందరికంటే ముందు పరుగెత్తుతున్నవాడు. అతని ఊళ్లో ఎవరైనా కాఫీ ఇస్తే కాదనడం మహాపరాధం. మూడు విడతలు తాగాలి, మూడోది దీవెన, అది తాగకుండా లేస్తే ఇంటివాళ్ల మంచిని కాలదన్నినట్టు. మూడయ్యాక ఇంటివాళ్లే ఆపుతారు. బూ మత్తర్ ఊళ్లో ఇంటివాళ్లు ఆపరు. చాలనుకున్న అతిథి ఖాళీ ఫింజాన్‌ను, అంటే పిడి లేని ఆ చిన్న కప్పును, చేత్తో అటూ ఇటూ ఊపాలి. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. కనక తెస్ఫలెం ఆయన ఆపుతాడని చూశాడు, ఆయన అతను ఊపుతాడని చూశాడు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరు మర్యాదస్తులు ఒకచోట చేరితే ఇక ఆ పని తెమలదు.

ఈలోగా గుంపంతా గడప ముందు నుంచి దౌడు తీసింది. బూ మత్తర్ చేతికర్ర పట్టుకుని, ఆఖరివాడు సందు దాటేదాకా తలుపులో నిలబడ్డాడు.

"చూశావా, ఒక్కడికీ ఆగే ధైర్యం లేకపోయింది" అన్నాడు మీసం దువ్వుకుంటూ. మళ్లీ పోశాడు.

చివరికి లోపల్నుంచి ఆయన భార్య ఉమ్మ్ మత్తర్ కేకేసింది. "బూ మత్తర్! ఆయన కడుపేమన్నా నీళ్ల ట్యాంకా? ఊపాలని తెలిస్తేగా ఊపడానికి! వదిలిపెట్టు, పాపం!"

ఆ ఏడాది విజేతగా పురపాలక అధ్యక్షుణ్ణి ప్రకటించారు. కప్పు బహూకరించడానికి ఆయన కారులో అందరికంటే ముందే ముగింపు గీత దగ్గరికి చేరుకున్నారు. ముందు చేరినవారే విజేత అని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆయన కప్పు తనకు తానే బహూకరించుకుని, వినయంగా స్వీకరించారు. (మరుసటేడు నుంచి పందెంలో కార్లు నిషేధించారు. ఈ సంస్కరణకు పొరుగు దేశాల నుంచి కూడా ప్రశంసలు వచ్చాయి.)

రెండో ఏడాది తెస్ఫలెం మళ్లీ వచ్చాడు. నిరుటి జాబితానే ఈ ఏడాదీ పంపడం కమిటీకి తెలిసిన ఏకైక పద్ధతి గనక ఆహ్వానం దానంతటదే పోయింది. ఈసారి ఎవరో తరుముతున్నారని ఎవరూ అనుకోలేదు, ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. తనంతట తనే ఆగి, బూట్లు విడిచి వచ్చి కూర్చున్నాడు. ఫింజాన్ ఊపాలని అప్పటికే అతనికి తెలుసు. అయినా తెలియనట్టే కూర్చునేవాడు, ఉమ్మ్ మత్తర్ కేకేసేదాకా. ఆ తరవాత ఏటా అంతే. ముగ్గురు పిల్లల పెళ్లిళ్లు, ఒక కంటి ఆపరేషను, బూ మత్తర్ పెద్దకొడుకు మత్తర్ చావు, అన్నీ ఆ మజ్లిస్‌లో ఏడాదికొక్క పొద్దున చెప్పుకున్న మాటలే. మత్తర్ పోయిన ఏడు తెస్ఫలెం మూడు ఫింజాన్లూ తాగి, నాలుగోది చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ ఏడు ఉమ్మ్ మత్తర్ కేకెయ్యలేదు.

ముందున్నవాడు ఏటా సగం దారిలో మాయమవడం కమిటీ దృష్టికి రాక తప్పలేదు. కాఫీకి అక్కడి పేరు పెట్టి గహ్వా ఉపసంఘం ఏర్పాటు చేశారు. కాఫీ తాగడం ఆతిథ్య స్వీకరణ కిందికి వస్తుంది గనక, తాగిన సేపు పరుగు సమయంలోంచి తగ్గించాలని ఉపసంఘం సిఫార్సు చేసింది. మరుసటేడు పందెగాళ్లందరికీ ఒక్కసారిగా కాఫీ మీద మమకారం పుట్టుకొచ్చింది. సందు పట్టలేదు. టోకెన్ల కోసం యాప్ పెట్టారు. అందులో చెమట లేని ముఖంతో ఫొటో దిగాలి. టోకెన్ దొరికినవాళ్లు గోడవారన కునుకు తీశారు. లెక్కలు తేల్చినప్పుడు, కాఫీ సమయం తీసేయగా ఒకాయన పరుగు సమయం సున్నాకు దిగువన తేలింది. ఆయన బయల్దేరక ముందే గెలిచినట్టు ప్రకటించారు. తెస్ఫలెం ఆ వెసులుబాటుకు ఎన్నడూ దరఖాస్తు పెట్టుకోలేదు. ఉపసంఘం దీన్ని అనుమానాస్పదంగా నమోదు చేసింది.

ఇరవయ్యో ఏడాదికి దారే మార్చేశారు. సంగతి చెవిన పడగానే బూ మత్తర్ కమిటీ ఆఫీసుకు వెళ్లాడు. కార్యదర్శి నవ్వాఫ్ ఆ సందులో పెరిగినవాడే. ఆ మజ్లిస్‌లోనే ఖర్జూరపు గింజలు ఉమ్మి తన్నులు తిన్నవాడు.

"కొత్త తీరం రోడ్డు వెంబడి పోతుంది బాబాయ్. అక్కడ ఇళ్లు లేవు."

"ఇళ్లు లేని చోట మనుషులెందుకురా పరుగెత్తడం?"

"సలహాదారు నివేదికలో ఉంది. ఇళ్లుంటే ఆతిథ్య ప్రమాదం ఉంటుందట."

"నా కాఫీ ప్రమాదమా!"

"మీ పేరు పెట్టి రాయలేదు బాబాయ్. పేరు లేకుండానే రాశారు."

"సరే, నీ దారి నీ ఇష్టం. మావాడు వస్తున్నాడా లేదా?"

"వస్తున్నాడు. ఇదే ఆఖరు. వచ్చే ఏడాది నుంచి అరవై నిండినవాళ్లకు ఆహ్వానం లేదు. ఆహ్వానం లేకపోతే వీసా లేదు."

"అయితే నేను పిలుస్తాను."

నవ్వాఫ్ కంప్యూటర్ తెర ఇటు తిప్పాడు. "మీకేమవుతాడు?"

"స్నేహితుడు."

"ఆ గడి లేదు. తండ్రి, కొడుకు, తోబుట్టువు, డ్రైవరు, వంటమనిషి. ఇవే ఉన్నాయి."

"తమ్ముడని వెయ్యి."

"తల్లి పేరు ఒకటే ఉండాలి బాబాయ్."

"పోనీ వంటమనిషని వెయ్యిరా. అతనే కాఫీ పోస్తాడు, నేను తాగుతాను."

"వంటమనిషికీ అరవై నిండకూడదు."

బూ మత్తర్‌కు కోపం నషాళానికెక్కింది. "హోటల్‌కెళ్లి చూసొస్తాను, పో!"

"పోటీదార్లను పోటీదార్లు తప్ప ఎవరూ కలవకూడదు. పరుగవగానే ఆ పూటే విమానం" అన్నాడు నవ్వాఫ్, కళ్లు ఎత్తకుండా.

బూ మత్తర్ కర్ర నేలకేసి కొట్టాడు. "అయితే నా పేరు రాసుకో" అన్నాడు.

ఇంట్లో ఉమ్మ్ మత్తర్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "మసీదు నాలుగు గడపల అవతల. దానికి కారు తీస్తావు. నువ్వు పరుగెత్తుతావా?"

"పరుగెత్తనే. పందెంలో ఉంటాను."

ఆరోగ్య పత్రం ఇచ్చే డాక్టరు రోజూ ఎంత దూరం నడుస్తారని అడిగితే "కారు దాకా" అని నిజమే చెప్పాడు. డాక్టరు "అలవాటు ఉంది" అని రాసుకున్నాడు.

పందెం నాటి పొద్దున ఆయన ఛాతీ మీద నంబరు కుట్టిన, పాదాల దాకా దిగే తెల్ల అంగీ కందూరా వేసుకుని, దల్లా చంకన పెట్టుకుని, జేబులో రెండు ఫింజాన్లతో బయల్దేరాడు. ద్వారం దగ్గర కావలివాడు ఆపాడు.

"తాతా, ఇది వాద్యమా, ఆయుధమా?"

"దల్లారా! మీ ఇంట్లో లేదూ?"

"ఉంది తాతా. ఈ యంత్రంలో లేదు. రెండే గడులున్నాయి."

వాద్యంగా నమోదై దల్లా లోపలికి వెళ్లింది. అక్కడికెళ్లాక తెలిసింది, పోటీదార్లలోనూ రకాలున్నాయని. తెస్ఫలెంను ఆహ్వానితుల కంచెలో ముందు నిలబెట్టారు. ఈయన్ను బుడగలు పట్టుకున్న పిల్లలూ తల్లులూ ఉన్న వెనక గుంపులో నిలబెట్టారు. మధ్యలో వేల తలలు. "తెస్ఫలెం!" అని అరిచాడు. అప్పుడే తుపాకీ పేలింది.

పాత కూడలిలో మూడంతస్తుల ఎత్తున సిమెంటు దల్లా ఒకటుంది. అతిథి మర్యాదకు గుర్తుగా పురపాలక మండలే కట్టించింది. (ఆ చుట్టుపక్కల కాఫీ పోయడం నిషేధమన్న బోర్డు కూడా మండలిదే.) తెస్ఫలెం ఏళ్ల తరబడి ఆ దల్లా దగ్గర కుడికి తిరిగాడు. ఈసారి అక్కడ కంచె ఉంది, ఎడమకు పొమ్మని బాణం గుర్తు ఉంది. అతను బాణం గుర్తు చూశాడు, దల్లాను చూశాడు. కంచె దాటి కుడికి తిరిగాడు.

బూ మత్తర్ ఆయాసంతో ఆ కూడలి దాటి కొంచెం ముందుకెళ్లాడో లేదో, జేబులో ఫోను మోగింది.

"ఎక్కడ చచ్చావు?" అంది ఉమ్మ్ మత్తర్.

"సిమెంటు దల్లా దాటాను."

"వెనక్కి రా. ఆయన ఇక్కడున్నాడు."

"ఎక్కడ?"

"మన గడపలో! నీ చెప్పుల పక్కన! నువ్వు పరుగుకెళ్లావంటే నమ్మడే!"

"పోనివ్వకు. పట్టుకో."

"నేను పట్టుకోవడమేమిటి, సిగ్గులేని మనిషీ! నువ్వే రా, త్వరగా!"

డ్రైవరుకు ఫోను చేశాడు. రోడ్లన్నీ పరుగు కోసం మూసేశారని చెప్పాడతను. అంతే. బూ మత్తర్ కందూరా మోకాళ్ల దాకా ఎత్తి కట్టి, దల్లా గుండెకు హత్తుకుని, జీవితంలో మొదటిసారి పరుగెత్తాడు. "పోటీదార్లు వెనక్కి పోకూడదు సార్!" అని కంచె దగ్గర పిల్ల అరిచింది. "వెనక్కి కాదమ్మా, ఇంటికి!" అని అరిచాడు.

కాళ్లకు కట్టిన చిప్పుల పుణ్యాన కమిటీ తెర మీద రెండు చుక్కలు దారి తప్పి కనబడ్డాయి. నవ్వాఫ్ కారెక్కాడు. మొదటి మలుపులోనే పోలీసు ఆపాడు.

"పరుగు జరుగుతోంది. వాహనాలకు దారి లేదు."

"ఆ పరుగు నాదేనయ్యా! నేను కార్యదర్శిని!"

"అయితే పరుగెత్తండి సార్."

బూ మత్తర్ సందులోకి తిరిగేసరికి తెస్ఫలెం గడపలో నిలబడి ఉన్నాడు. గడ్డం మొత్తం నెరిసింది. ఒళ్లంతా తడిసి, దల్లా మూత ఎక్కడో పడేసుకుని, పరుగెత్తుకొస్తున్న ముసలాయన్ను చూసి అతని ముఖం విప్పారింది.

"ఎవరు తరుముతున్నారయ్యా నిన్ను?"

బూ మత్తర్ ఆయాసపడుతూ వెనక్కి చూపించాడు. సందు చివర నవ్వాఫ్ రొప్పుతూ వస్తున్నాడు.

"అమ్మో! రా, లోపలికి రా" అన్నాడు తెస్ఫలెం, తనకొచ్చిన అరబ్బీలో. "ఈ గడప తొక్కాక నిన్నెవడు ముట్టుకుంటాడో నేనూ చూస్తాను."

దల్లాలో కాఫీ సగం కందూరా మీదే ఒలికిపోయింది. ఉమ్మ్ మత్తర్ కొత్తది కాచి పంపింది. ఈసారి తెస్ఫలెం పోశాడు, బూ మత్తర్ తాగాడు. తరవాత ఈయన పోశాడు, అతను తాగాడు. నవ్వాఫ్ గడప దగ్గరకొచ్చి ఏదో చెప్పబోయాడు. చేతిలో ఫింజాన్ పెట్టారు. కాదనడం ఎలాగో అతనికీ తెలియదు. కూర్చుని తాగాడు.

"బాబాయ్, విమానం..." అన్నాడు చాలాసేపటికి, తలొంచుకుని.

మూడోది అయిపోయింది, నాలుగోది కూడా. ఉమ్మ్ మత్తర్ లోపల్నుంచి కేకెయ్యలేదు. బూ మత్తర్ దల్లా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. పోయాలనే ఉంది ఆయనకు, ఇంకో ఇరవై ఏళ్లు పోయాలని ఉంది. తెస్ఫలెం ఆయన ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ఫింజాన్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపాడు.

ఊపిన ఫింజాన్‌లో మళ్లీ పోయడం మర్యాద కాదు. బూ మత్తర్ దాన్ని అందుకుని, దల్లా కింద పెట్టాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ అయింది.

చరిత్ర గ్రంథం చివరి పుటలో ఈ సంవత్సరం గురించి రెండే వాక్యాలున్నాయి. ఇరవయ్యో పరుగు ఎటువంటి ఆతిథ్య ప్రమాదమూ లేకుండా విజయవంతంగా ముగిసింది. ఇద్దరు పోటీదారులు మాత్రం గమ్యం చేరలేదు.