అంకెలు పోయిన ట్రేలు

ఆ ఉదయం క్యాంటీన్ మేనేజరు వేసుకున్న పథకం చిన్నదే. టిఫిన్ల రద్దీ తగ్గగానే మూడు పాత ప్లాస్టిక్ ట్రేలకూ, ట్రేలమ్మే కంపెనీ పెద్దమనిషి తెచ్చిన మూడు కొత్తవాటికీ పరీక్ష పెట్టాలి. నూనె, టీ మడ్డి పూసి, ఎండనిచ్చి కడగాలి. ఆపైన నడుమెత్తు నుంచి ఇరవయ్యేసి సార్లు కింద పడెయ్యాలి. కొత్తవి గెలిస్తే అంట్లు తోమే అక్కకు రేపటి నుంచి పని లేదు. వాటిని ఊరికే తుడిస్తే చాలట.

"పదకొండేళ్లుగా తోముతున్నాను సార్. తుడిస్తే పోయే జిడ్డు నేనెక్కడా చూళ్లేదు," అంది అక్క.

"చూద్దువుగానిలే అక్కా, ముందు కడుగు."

పాతవీ కొత్తవీ ఒకటే నీలం. కలిసిపోకుండా, మడ్డి పూయకముందే పెద్దమనిషి స్కెచ్ పెన్నుతో అన్నిటికీ అంకెలు వేశాడు. అక్కకు ఒళ్లు మండిపోతోంది. ఆ కోపమంతా పీచు మీద చూపించి, పది నిమిషాల్లో ఆరింటినీ తళతళలాడించి బల్ల మీద పెట్టింది.

"అంకెలేవి?" అన్నాడు మేనేజరు నీరుగారిపోతూ.

"మరకలనుకుని రుద్దేశాను. మరక కనిపిస్తే వదలడం నాకు చేతకాదు."

"కావాలనే చేసింది," అన్నాడు పెద్దమనిషి.

"కావాలని చేసేదాన్నయితే మీకు చెప్పే చేస్తాను."

పన్నెండింటికల్లా పై ఆఫీసుకు రిపోర్టు వెళ్లాలి. మేనేజరు తల పట్టుకున్నాడు. "నా సరుకు నాకు తెలియదా?" అంటూ పెద్దమనిషి వేలితో తట్టి, నునుపు చూసి మూడింటిని ఏరాడు. ఇవే మావి అని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. అక్క వాటి అంచులు ఓసారి తడిమి పక్కకు జరిగింది.

ఏరిన మూడూ ఇరవై దెబ్బలకు చెక్కుచెదరలేదు. మిగిలిన మూడూ పది తిరక్కుండానే ముక్కలయ్యాయి.

"పాతవాటి బతుకు చూశారుగా," అన్నాడు పెద్దమనిషి.

"అక్కా, రేపటి నుంచి ఇంక..." అంటూ మేనేజరు నసిగాడు.

అక్క చేతులు తుడుచుకుని, విరగని ట్రే ఒకటి తిరగేసింది. "పక్క క్యాంటీన్ వాళ్లు ఎత్తుకుపోతున్నారని మన ట్రేలన్నిటికీ అంచు కింద కాల్చిన సూదితో చుక్క పెట్టాను సార్. తడిమి చూడండి. విరిగినవాటికి ఉండదు."

మేనేజరు ఆరింటినీ తడిమాడు. చుక్కలు విరగని మూడింటికే ఉన్నాయి. "ముందే చెప్పొచ్చుగా?"

"నన్నెవరడిగారు? ఆయన్నేగా అడిగారు."

పాత ట్రేలనే ఉంచాలని, వాటితోపాటు తోమే మనిషిని కూడా ఉంచాలని పన్నెండు లోపే రిపోర్టు వెళ్లిపోయింది. పెద్దమనిషి ముక్కలన్నీ సంచిలో వేసుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఆ పాత ట్రేలు ఏ కంపెనీవో కాస్త కనుక్కుని చెప్పమన్నాడు.