చేట ఎగిరిన రోజు

సూరమ్మ పొద్దున్నే భర్త సాల్మన్ బట్టలు సంచిలో సర్దింది. హైదరాబాదులో ఆడపడుచు అడిగిన కొత్త చేట మాత్రం అందులో పట్టలేదు. మర్నాడు అక్కడ సాల్మన్‌కు గుండె ఆపరేషను. రాత్రంతా రైలు ప్రయాణం ఆ గుండె తట్టుకోదనీ, విమానంలోనే రావాలనీ డాక్టరు చెప్పాడు.

"అంత ఇనుము గాల్లో ఎలా ఆగుతుందండీ? నేను పోతే పోయాను, మీకేమన్నా అయితే?" అని సూరమ్మ కారులోనూ ఏడుస్తూనే ఉంది.

రాజమండ్రి విమానాశ్రయానికి కారు నడుపుతున్నది సాల్మన్ తమ్ముడి కూతురు ఆశాజ్యోతి, సైన్సు టీచరు. ద్రాక్షారామం దాటాక ఇక ఉండబట్టలేక పాఠం మొదలుపెట్టింది.

"రెక్క పైన ఉబ్బుగా ఉంటుంది పెద్దమ్మా. ముందు అంచు కాస్త ఎత్తుగా ఉంటుంది. గాలి ఆ వంపు వెంట జారి కిందికి మళ్లుతుంది. రెక్క గాలిని కిందికి తోస్తే, గాలి రెక్కని పైకి తోస్తుంది. పైన ఒత్తిడి తక్కువ, కింద ఎక్కువ. అంతే!"

"కంటితో చూస్తేగానీ నమ్మనే."

"చూపిస్తా ఉండు," అని సాల్మన్ చేటను బోర్లించి కిటికీ బయట పట్టుకుని, ముందు అంచు కొంచెం ఎత్తాడు. చేట లేచింది. "చూశావా! చెయ్యి లాగేస్తోందే!" అని నవ్వాడు. సూరమ్మ కూడా నవ్వబోయింది. అంతలో కారుకు బ్రేకు పడి చేట చెయ్యి జారి, ఎదురుగా రోడ్డు దాటుతున్న బాతుల మంద మీద పడింది.

బాతులన్నీ బెదిరి, అప్పుడే నాట్లు ఊడ్చిన వరిచేలో దూరాయి. వాటి కాపరి సత్తిరాజు కర్ర పట్టుకుని కారుకు అడ్డం నిలబడ్డాడు.

"అన్నీ రోడ్డెక్కేదాకా బండి కదలదండి. చేను తొక్కితే రైతు తన్నేది నన్నండి, మిమ్మల్ని కాదు."

ఆశాజ్యోతి చెప్పులు విప్పి బురదలోకి దిగింది. సూరమ్మ కొంగు దోపి దిగింది. ఒక బాతును తోలితే రెండు వెనక్కి పోయేవి. గట్టు మీంచి సాల్మన్ "ఎడమవైపు! ఎడమవైపు!" అని అరిస్తే, "మీరు అరవకండి, ఆయాసం!" అని సూరమ్మ అంతకన్నా గట్టిగా అరిచింది.

ఆఖరి బాతు రోడ్డెక్కేసరికి ఎండ ముదిరింది. సత్తిరాజు చల్లబడ్డాడు. "ఇంతకీ ప్రయాణం ఎందులోనండి?"

"అదిగోనండి, అందులో," అని సాల్మన్ తమని వదిలేసి ఆకాశంలో పోతున్న విమానాన్ని చూపించాడు.

సూరమ్మ బురద చేతులు జోడించింది. "స్తోత్రం ప్రభువా! రాత్రి రైలుంది కదండీ. నేలమీద పోతాం."

"డాక్టరు వద్దన్నారు పెద్దమ్మా!"

"ఆ డాక్టరు రైలెక్కి ఎన్నాళ్లయిందో!"

తర్వాతి విమానాల్లో సీట్లు దొరకలేదు; ఆపరేషను వేళకు అందుకోవాలంటే ఇక వేరే దారీ లేదు. ఆ రాత్రి సూరమ్మ భర్త పక్కన నిశ్చింతగా కూర్చుని, దుప్పటి కప్పి, తనూ కునుకు తీసింది.

విమానం ఆ సాయంత్రమే క్షేమంగా రాజమండ్రి తిరిగి వచ్చింది. సాల్మన్ తిరిగి రాలేదు. ఆగస్టు ఎనిమిది, గురువారం తెల్లవారుజామున, కాజీపేట దాటాక పోయాడు.